అంకుల్ ఇచ్చిన శాంపిల్

కెనడాలోని సార్నియాలో, కెమికల్ ప్లాంట్లకు వెళ్ళే రోడ్డు మీద, టైర్ల షాపుకీ పళ్ళ డాక్టరు ఆఫీసుకీ మధ్య ఉన్న చిన్న క్లినిక్‌లో నేను పనిచేస్తాను. ప్లాంట్లలో పనిచేసేవాళ్ళకు చెవులు, ఊపిరితిత్తులు పరీక్ష చేయడం, మాస్కు ముఖానికి సరిగ్గా పట్టిందో లేదో చూడటం మా క్లినిక్ పనులు. నేను ఎక్కువగా చేసేది మాత్రం డ్రగ్ టెస్టు కోసం శాంపిల్ తీసుకోవడం. శాంపిల్ అంటే మూత్రం. ఖమ్మంలో మా అమ్మను ఎవరైనా అడిగితే "ల్యాబ్‌లో ఆఫీసర్" అని చెబుతుంది. నేనెప్పుడూ సరిదిద్దలేదు.

టెస్టుకు వచ్చిన మనిషి జాకెట్ తీసి, జేబులు ఖాళీ చేసి, చేతులు కడుక్కుని నా ముందు నిలబడాలి. టాయిలెట్ ట్యాంకులో ముందే నీలిరంగు కలిపి ఉంచుతాను, ఆ నీళ్ళు కప్పులో పోయకుండా. లోపల కుళాయి కట్టేసి ఉంటుంది. కప్పు చేతికిచ్చి నేను తలుపు బయట నిలబడతాను. అతను బయటికి వచ్చి కప్పు ఇవ్వగానే, దాని పక్కన అంటించిన పట్టీ చూసి వేడి సరిపోయిందో లేదో రాసుకుంటాను. తర్వాత అతని కళ్ళముందే రెండు సీసాల్లో పోసి, సీల్ వేసి, సీల్ మీద అతనిచేత పొడి అక్షరాలు రాయిస్తాను. అక్కడితో నా పని అయిపోతుంది. సీసాలు వేరే ఊళ్ళోని ల్యాబ్‌కు వెళ్తాయి. అక్కడ ఏదైనా మత్తు పదార్థం బయటపడితే, కంపెనీ పెట్టుకున్న రివ్యూ డాక్టర్ ఆ మనిషికి ఫోన్ చేసి మాట్లాడి, తన నిర్ణయం కంపెనీకి చెబుతాడు. నాకు ఎవరూ ఏమీ చెప్పరు. ఏ మందులు వాడుతున్నారని నేను ఎవరినీ అడగకూడదు. వాళ్ళంతట వాళ్ళు చెప్పబోయినా ఆపాలి.

ఆరేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఎవరి ముఖం చూసినా ఏమీ ఊహించుకోకుండా ఉండటం అలవాటు చేసుకున్నాను. అంకుల్ వచ్చిన రోజు దాకా ఆ అలవాటు బాగానే పనిచేసింది.

ఇక్కడి కాలేజీలో చదువుకోవడానికి వచ్చినప్పుడు అంకుల్ వాళ్ళ ఇంటి బేస్‌మెంట్‌లో రెండేళ్ళున్నాను. వాళ్ళది గాజువాక. ఆయన గల్ఫ్‌లో పదిహేనేళ్ళు రిఫైనరీల్లో పైపులకు ఇన్సులేషన్ వేసే పని చేసి, ఆ పని మీదే కెనడా వచ్చారు. మాకు బంధుత్వం ఏమీ లేదు. కానీ నేను కాఫీ షాపులో పార్ట్ టైం చేసే రోజుల్లో, బస్సులు లేని ఆదివారాల్లో, ఆయనే కారులో దింపేవారు. తర్వాత ఆ కారులోనే నాకు డ్రైవింగ్ నేర్పారు. మొదటిసారి మంచు మీద కారు జారి పక్కకు తిరిగిపోతే నేను స్టీరింగ్ వదిలేసి కళ్ళు మూసుకున్నాను. ఆయన తిట్టలేదు. "బ్రేక్ మీద కాలు తియ్యమ్మా, అదే నిలబడతాది" అన్నారు నెమ్మదిగా. మా తెలుగువాళ్ళ పిక్నిక్కుల్లో మగవాళ్ళందరూ బీరు తీసుకుంటే ఆయన మజ్జిగ బాటిల్ పట్టుకుని కూర్చునేవారు. ఆయన్ని ఏడిపించేవాళ్ళు, ఆయన నవ్వేవారు.

యాభై నాలుగో ఏట ఆయనకు ఎడమ పక్కటెముకల మీద సర్పి లేచింది. పొక్కులు మూడు వారాల్లో మానాయి. నొప్పి మానలేదు. చొక్కా తగిలితే చాలు, చర్మం మీద వేడినీళ్ళు పోసినట్టు ఉంటుందనేవారు. డాక్టర్ నరాల నొప్పికి బిళ్ళలు రాశారు. అవి వేసుకుంటే నొప్పి కాస్త తగ్గేది కానీ మనిషి పగలంతా మత్తుగా తిరిగేవారు. ఒకరోజు పైన స్కాఫోల్డింగ్ మీద ఉండగా, తన సేఫ్టీ బెల్టు కొక్కెం తగిలించారో లేదో ఆయనకే గుర్తు రాలేదట. చేత్తో తడిమి చూసుకుంటే తగిలించి లేదు. ఆయన కిందికి దిగి చాలాసేపు కూర్చుండిపోయారు. ఆ వారమే నొప్పి క్లినిక్‌లో ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. ఆ డాక్టర్ బిళ్ళలు మాన్పించి, పడుకునే ముందు నాలుక కింద వేసుకోవడానికి ఒక నూనె రాసిచ్చింది.

ఆ తర్వాత వచ్చిన రెండో ఆదివారం నేను వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. ఆంటీ ఆవపెట్టిన పనసపొట్టు కూర చేశారు, డబ్బాలో దొరికే పనసకాయతో. భోజనమయ్యాక అంకుల్ నన్ను పక్క గదిలోకి పిలిచి చిన్న గోధుమరంగు సీసా చూపించారు. లేబుల్ చదివాను. గంజాయి నుంచి తీసిన నూనె. ఇక్కడ చట్టరీత్యా దొరికేదే, డాక్టర్ రాసిందే.

"పది రోజులైందమ్మా, ఇది మొదలెట్టి. నొప్పి పోలేదు గానీ నిద్ర పడతన్నాది. పొద్దున్నే లేస్తే తల తేలిగ్గా ఉంటన్నాది. నువ్వు ల్యాబ్‌లో చేస్తావు గదా, ఇది వాడొచ్చంటావా?"

"చట్టప్రకారం తప్పేం లేదు అంకుల్. డాక్టర్ రాశారు కదా" అన్నాను. తర్వాత అడిగాను. "కంపెనీలో చెప్పారా?"

"చెప్తే ఆ సైట్‌కి పంపరమ్మా. మా ఫోర్‌మన్ ముందే అన్నాడు, ఏదున్నా నాకు చెప్పకు, చెప్తే నేను రాయాల్సొస్తాది అని. రాత్రి ఇంట్లో వేసుకున్నదానికీ పొద్దున పనికీ ఏటి సంబంధం?"

నేను జవాబు చెప్పి ఉండాల్సింది. సంబంధం లేదు కానీ మూత్రంలో ఉంటుంది అని చెప్పాల్సింది. మత్తు కొన్ని గంటల్లో దిగిపోయినా దాని జాడ రోజూ వాడేవాళ్ళలో వారాల తరబడి పోదనీ, మా కప్పుకు నిన్న రాత్రికీ పోయిన వారానికీ తేడా తెలియదనీ నాకు తెలుసు. రోజూ చేసే పని అదే. కానీ ఆయన అప్పుడే చాలా నెలల తర్వాత కాస్త నిద్రపోతున్న మనిషి. ముఖం తేటపడి ఉంది. పైగా ఆయన పాత మనిషి, ఏ గొడవా లేనివాడు, ఆయన్ని ఎవరు టెస్టుకు పంపుతారు అనుకున్నాను. ఈలోగా ఆంటీ టీ తెచ్చారు. ఆయన సీసా జేబులో పెట్టుకున్నారు. మాట అక్కడ ఆగిపోయింది.

అక్టోబర్‌లో ఒక ప్లాంటును షట్‌డౌన్ చేసి మరమ్మతులు చేస్తున్నప్పుడు, మనుషుల్ని పైకెత్తే లిఫ్ట్ బండి నడుపుతున్న ఒకతను వెనక్కి తీస్తూ పైపుల స్టాండుకు గుద్దాడు. పైన కట్టి ఉంచిన రేకుల కట్ట జారి నేల మీద పడింది. ఎవరికీ గీత కూడా పడలేదు. అంకుల్ అక్కడికి నాలుగైదు అడుగుల దూరంలో నిలబడి ఇన్సులేషన్ కోస్తున్నారు. ప్రమాదం జరిగితే ఆ పనిలో ఉన్న అందరినీ టెస్టుకు పంపాలని నియమం. బండి నడిపినవాడినీ, దారి చూపించినవాడినీ, అంకుల్‌నీ సూపర్‌వైజర్ వ్యానులో ఎక్కించుకుని మా క్లినిక్‌కు తీసుకొచ్చాడు.

నేను కౌంటర్ దగ్గర ఫారాలు సర్దుతున్నాను. అంకుల్ లోపలికి రాగానే నన్ను చూసి, భయం పోయినవాడిలా నవ్వారు.

"నువ్వున్నావా అమ్మా. మంచిదైంది."

నేను లోపలికి వెళ్ళి మా మేనేజర్‌తో, ఆ మూడో మనిషి నాకు తెలిసిన అంకుల్, వేరేవాళ్ళు తీసుకుంటే బాగుంటుందేమో అన్నాను. ఆమె మంచిదే. కానీ నాలాగే శాంపిల్ తీసే రెండో కలెక్టర్ ఆ రోజు ఒక ప్లాంటులో ఉన్నాడు, సాయంత్రానికి గానీ రాడు.

"ఆయన నీ బంధువా? అంకుల్ అన్నావు కదా ఇందాక" అంది.

"కాదు. మేం పెద్దవాళ్ళందరినీ అలాగే పిలుస్తాం."

"ఒకే ఇంట్లో ఉంటారా?"

"ఇప్పుడు కాదు."

"అయితే నియమం ప్రకారం ఇబ్బంది లేదు. నువ్వే తీసుకో."

ఒంట్లో బాగాలేదని చెప్పి నేను ఇంటికి వెళ్ళిపోయి ఉండొచ్చు. వెళ్తే ఏమయ్యేది, సాయంత్రం రెండో కలెక్టర్ తీసుకునేవాడు. కప్పు అదే, ల్యాబ్ అదే. నేను గ్లవ్స్ వేసుకున్నాను.

గదిలో అంకుల్ జేబుల్లోంచి తాళాలు, చేతిరుమాలు, అగ్గిపెట్టెంత వినాయకుడి పటం తీసి ట్రేలో పెట్టారు. సూపర్‌వైజర్ వరండాలో, తెరిచిన తలుపుకు ఎదురుగా నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. అంకుల్ గొంతు తగ్గించి తెలుగులో అడిగారు.

"అమ్మా, ఆ నూనె... ఇందులో తెలుస్తాదా?"

నేను ఇంగ్లిష్‌లో, చేతులు కడుక్కోండి, కప్పులో ఈ గీత దాకా రావాలి, ఫ్లష్ చేయకండి అని రోజూ చెప్పే నాలుగు మాటలూ చెప్పాను. ఆయన నా ముఖంలోకి చూస్తూనే ఉన్నారు. అప్పుడు తెలుగులో ఒక్క ముక్క అన్నాను. "డాక్టర్ ఫోన్ చేస్తారు అంకుల్. తెలియని నంబరైనా ఎత్తండి."

ఆయన ముఖంలో నవ్వు పోయింది. కప్పు తీసుకుని లోపలికి వెళ్ళారు.

మొదటిసారి ఆయనకు రాలేదు. ఖాళీ కప్పుతో బయటికొచ్చి "రావట్లేదమ్మా" అన్నారు, ఏదో తప్పు చేసినట్టు. అలాంటప్పుడు నీళ్ళిచ్చి, క్లినిక్ దాటి వెళ్ళనివ్వకుండా కూర్చోబెట్టాలి. జాకెట్ లేకుండా, బూట్లు గుమ్మం దగ్గర విడిచి, సాక్సులతో ఆయన గోడ పక్క కుర్చీలో కూర్చుని చిన్న కాగితపు కప్పులతో నీళ్ళు తాగారు. నేను మిగతా ఇద్దరి పని చేశాను. ఒక కుర్రాడికి చెవి పరీక్ష చేశాను. గంటన్నర అలా గడిచింది. నేను అటువైపు నడిచిన ప్రతిసారీ ఆయన లేచి నిలబడబోయేవారు, పిలుస్తున్నాననుకుని. చివరికి వచ్చింది. వేడి సరిపోయింది. సీల్ మీద పొడి అక్షరాలు రాసేటప్పుడు ఆయన చేతి రాత ఎప్పటిలాగే ముత్యాల్లా ఉంది. సీసాలు సంచిలో వేసి మూతి అంటించాను.

నాలుగో రోజు రివ్యూ డాక్టర్ ఫోన్ చేశాడు. అంకుల్ ఎత్తారు. పని మధ్యలో, పక్కన మెషీన్ మోతలో, తనకొచ్చిన ఇంగ్లిష్‌లో, నొప్పికి డాక్టర్ నూనె ఇచ్చిందని, రాత్రే వేసుకుంటానని చెప్పారు. నొప్పి క్లినిక్ నుంచి కాగితాలు కూడా పంపించారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా మరుసటి వారం కంపెనీ ఉత్తరం వచ్చింది. శనివారం ఆంటీ నాకు ఫోన్ చేసి, "మీ అంకుల్ రెండ్రోజులై ఇంట్లోనే ఉన్నారు, ఏటని అడిగితే చెప్పట్లేదు, కాగితమేదో వచ్చింది, నువ్వొచ్చి చదువు" అన్నారు.

వెళ్ళాను. ఇద్దరూ వంటగదిలో బల్లకు చెరో వైపు కూర్చుని ఉన్నారు. ఆంటీకి ఇంగ్లిష్ చదవడం రాదు. నేను ఉత్తరం చదివి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ప్రమాదాలకు అవకాశమున్న పనిలో ఉన్నవాళ్ళు ఏ మత్తు మందు వాడుతున్నా, డాక్టర్ రాసిందైనా సరే, ముందుగా కంపెనీకి తెలియజేయాలి. ఆయన తెలియజేయలేదు. కాబట్టి ఇది నియమం ఉల్లంఘించినట్టే. సైట్‌లోకి ఆయన ప్రవేశం ఆపేశారు. వ్యసనాల నిపుణుడి దగ్గరికి వెళ్ళి, ఆయన చెప్పిన క్లాసులు పూర్తి చేసి, మళ్ళీ టెస్టు ఇచ్చి అందులో ఏమీ పడకపోతే, అప్పుడు పనిలోకి తీసుకునే విషయం ఆలోచిస్తారు.

"మత్తు మందేటి? ఎవరు వాడారు?" అన్నారు ఆంటీ.

అంకుల్ కిటికీ వైపు చూస్తున్నారు. నేనే చెప్పాల్సి వచ్చింది. "ఆ నూనె ఆంటీ. అది గంజాయి మొక్క నుంచి తీసింది."

"గంజాయా?" ఆంటీ నా వైపు కాదు, ఆయన వైపు తిరిగారు. "ఏవండీ, నూనె అన్నారు గదా నాతోటి. నరాల నూనె అన్నారు."

"డాక్టర్ రాసిందే" అన్నారాయన.

"మీకు కళ్ళద్దాలు లేకపోతే గీతలు కనబడవని రోజూ నేనే గదా చుక్కలు లెక్కపెట్టి వేసింది. నా చేత్తోటి వేశాను గదా ఇన్నాళ్ళూ." ఆమె తన కుడిచెయ్యి బల్ల మీద పెట్టి చూసుకున్నారు. తర్వాత నన్ను అడిగారు. "నీకు తెలుసా ఇది?"

"తెలుసు ఆంటీ."

"చెప్పలేదేమ్మా మరి?"

ఆమె కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. ఇది మన ఊళ్ళో పోలీసులు పట్టుకునేలాంటిది కాదనీ, ఇక్కడ షాపుల్లో అమ్ముతారనీ, క్యాన్సర్ రోగులకూ ఇస్తారనీ ఏదేదో చెప్పాను. ఆమె అన్నీ విని, "షాపులో అమ్మేదైతే మరి పనిలోంచి ఎందుకు తీసేశారు?" అన్నారు. దానికి నేను సగం చెప్పి ఆపేశాను. పూర్తిగా చెప్పాలంటే నాకూ తెలియదు. ఆయన మానేసిన ఆ బిళ్ళలున్నాయే, ఎక్కువ అనుమానపడాల్సింది వాటినే. వాటికైతే డాక్టర్ చీటీ కంపెనీ ఫైల్లో ఉంది, ఎవరూ ఏమీ అనలేదు, కొక్కెం తగిలించడం మరిచిపోయిన రోజున కూడా.

క్లాసులు చలికాలమంతా సాగాయి. వారానికొకసారి, ఒక చర్చి వెనక హాలులో. తాగుడు మానలేనివాళ్ళూ, ఇంకా పెద్ద వాటిలో పడి బయటికి రావడానికి తంటాలు పడుతున్నవాళ్ళూ అక్కడికొచ్చేవారు. వాళ్ళు మంచివాళ్ళేనమ్మా, వాళ్ళ కష్టం వింటుంటే నా కష్టం చెప్పుకోవడానికే సిగ్గేస్తాది, అనేవారు అంకుల్. జనవరిలో ఒకరోజు సాయంత్రం ఒక ఫారం పట్టుకుని మా అపార్ట్‌మెంట్‌కు వచ్చారు. ఆయన మా ఇంటికి రావడం అదే మొదటిసారి. బూట్లు విప్పి, మంచు దులిపి, కుర్చీ చివర కూర్చున్నారు.

"ఇది నింపాలంటమ్మా. నీకు సమస్య ఉందని ఎప్పుడు గుర్తించావు, దాని వల్ల నీ కుటుంబం ఎలా బాధపడింది, అని అడిగారు. నాకు నొప్పి ఉంది అని రాశాను. ఆ సార్ వెనక్కిచ్చేశాడు. ఒప్పుకుంటేనే ముందుకెళ్తాం అన్నాడు. తప్పు ఆయనది కాదులే, ఆ కాగితం అలా ఉంది. ఏటి రాయమంటావు?"

నేను ఫారం తీసుకున్నాను. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. యూనియన్‌కు ఇంకోసారి ఫోన్ చేద్దామా అంకుల్ అంటే, చేశానమ్మా, ఫిర్యాదు వేశారు, ఏడాది పడతాదంట, అంతదాకా ఇంట్లో కూర్చుంటే నాకు పిచ్చెక్కుతాది అన్నారు. మానవ హక్కుల కమిషన్ అని ఒకటుంది అన్నాను. దానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుందని ఇద్దరికీ తెలుసు.

రాశాను. నా చేత్తోనే రాశాను. నేను గంజాయి మీద ఆధారపడుతున్నానని అక్టోబర్‌లో గుర్తించాను. నా భార్య చాలా బాధపడింది. నేను నా నిర్ణయాలకు బాధ్యత తీసుకుంటున్నాను. క్లినిక్‌లో ఇలాంటి ఫారాలు చాలా చూశాను కాబట్టి వాళ్ళకు ఏ మాటలు కావాలో నాకు తెలుసు. చదివి వినిపించమన్నారు. తెలుగులో చెబుతుంటే మధ్యలో చెయ్యెత్తి ఆపి, "చాల్లేమ్మా" అన్నారు. సంతకం పెట్టి, కాగితాన్ని చొక్కా లోపల, కుడివైపు పెట్టుకున్నారు. ఎడమవైపు ఏదీ తగలనివ్వరు.

నూనె మానేసి, క్లాసులు పూర్తి చేశాక, వసంతంలో అంకుల్‌ను మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. ఆ వసంతంలోనే ప్లాంట్లూ కాంట్రాక్టర్లూ యూనియన్లూ కలిసి టెస్టుల విధానం మార్చడానికి ఒక కమిటీ వేశారు. గంజాయి చట్టబద్ధమై ఏళ్ళు గడిచినా పాత కప్పుతోనే లాక్కొస్తున్నామని చాలా కంపెనీల్లో గొడవ నడుస్తోంది. మూత్రం బదులు నోట్లో ఉమ్మి తీసి చూస్తే గత కొన్ని గంటల్లో వాడినదే ఎక్కువగా తెలుస్తుందని కొందరి వాదన. అది ఎలా తీస్తారో చూపించడానికి ఎవరినైనా పంపమని మా క్లినిక్‌ను అడిగారు. మా మేనేజర్ నన్ను పంపింది.

ఊళ్ళో ఒక హోటల్ మీటింగ్ గది. పదిహేను మంది దాకా ఉన్నారు. నేను ఒకాయన్ని కూర్చోబెట్టి, దూది పుల్ల చెంప లోపల పెట్టి, దాని చివర రంగు మారేదాకా ఉంచి, సీసాలో వేసి చూపించాను. చాలా తేలిక. బట్టలు, జేబులు, నీలిరంగు నీళ్ళు ఏమీ అక్కర్లేదు. అయిపోయాక, కలెక్టర్‌గా మీరేమైనా చెబుతారా అని యూనియన్ నుంచి వచ్చినామె అడిగింది. ముందు రోజంతా మనసులో అనుకున్నదే. పేరు చెప్పకుండా చెప్పాను. నొప్పి ఉన్న ఒక మనిషి గురించి, మత్తు బిళ్ళలు మానేసిన సంగతి, ఆయన పడేయని రేకుల కట్ట సంగతి, చర్చి హాలు క్లాసు కోసం రాయించుకున్న కాగితం సంగతి.

ఒక లాయరు మర్యాదగానే అడ్డుపడి, వ్యక్తుల కేసులు ఇక్కడ చర్చించలేము అన్నాడు. తర్వాత బల్ల చివర కూర్చున్న ఒక ముసలి సేఫ్టీ మేనేజర్ నాతో అన్నాడు. "నా కింద పనిచేసినవాడు ఒకడు టవర్ మీంచి పడ్డాడు. వాళ్ళ ఆవిడకు చెప్పడానికి నేనే వెళ్ళాను. మత్తులో ఉన్నవాడెవడినీ నేను పైకి ఎక్కనివ్వను. ఆ కప్పు నాకు ఆ సంగతి చెప్పదని నాకూ తెలుసు. మరి చెప్పేదేమిటో ఎవరైనా నాకు చూపించండి." నా చేతిలో ఆ దూది పుల్ల ఉంది. ఇదిగో అని ఆయనకు చూపించలేకపోయాను. రాత్రి తొమ్మిదికి వేసుకుని పొద్దున ఆరింటికి పనికెళ్ళే మనిషికి ఇది ఏం చెబుతుందో గట్టిగా ఎవరూ చెప్పలేరు. ఆయనకు కోపం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. తల ఊపి, కాగితాల్లోకి చూసుకున్నాడు.

అయినా సెప్టెంబర్‌లో విధానం మారింది. ప్రమాదం తర్వాత మూత్రం బదులు ఉమ్మి పరీక్ష. డాక్టర్ రాసిన గంజాయి వాడేవాళ్ళు ముందే చెబితే శిక్ష ఉండదు, డాక్టర్‌తో మాట్లాడి వాళ్ళకు తగిన పని ఇస్తారు. చెప్పనివాళ్ళను కూడా నేరుగా వ్యసనం క్లాసులకు తోయకుండా ముందు విచారిస్తారు. చదివినంతసేపూ అంకుల్ గురించే రాసినట్టు అనిపించింది. లంచ్ టైంలో కారులో కూర్చుని ఆయనకు ఫోన్ చేశాను.

ఆయన అంతా విని, "మంచిదేనమ్మా. ఇక ముందు వచ్చేవాళ్ళకి ఈ తిప్పలు ఉండవు" అన్నారు. తర్వాత అడిగారు. "నాకూ వర్తిస్తాదా?"

కనుక్కుంటానన్నాను. యూనియన్ ఆమెకు రాశాను. ఆమె రెండ్రోజుల్లో జవాబిచ్చింది, క్షమించమని మొదలుపెట్టి. కొత్త విధానం రాకముందు సంతకం చేసిన ఒప్పందాలు పాత షరతులతోనే నడుస్తాయి. అంకుల్ వసంతంలో తిరిగి పనిలో చేరేటప్పుడు సంతకం చేసిన కాగితం ప్రకారం రెండేళ్ళ పాటు, చెప్పకుండా ఎప్పుడు పిలిస్తే అప్పుడు, మూత్రం శాంపిల్ ఇవ్వాలి. గంజాయి ఏ రూపంలోనూ వాడకూడదు, డాక్టర్ రాసినా సరే. ఫిర్యాదు సంగతేమిటని అడిగాను. ఆయన తనకు తానే సమస్య ఉందని ఒప్పుకుని సంతకం చేసిన ఫారం ఉండటం వల్ల అది బలహీనపడిందని ఆమె రాసింది.

ఆ మెయిల్ మూడుసార్లు చదివాను. అంకుల్‌కు మొదటి సగమే చెప్పాను.

ఇప్పుడు ఆయన పైకి ఎక్కరు. టూల్ రూములో కూర్చుని పనివాళ్ళకు సామాన్లు ఇచ్చి రాసుకుంటారు. నొప్పి భరించలేక మళ్ళీ ఆ బిళ్ళలే మొదలుపెట్టారు. వాటికి చీటీ ఉంది కాబట్టి టెస్టులో ఇబ్బంది లేదు. పోయిన నెల పని నుంచి ఇంటికొస్తూ తనకు బాగా తెలిసిన మలుపు దాటి, సరస్సు ఒడ్డు రోడ్డు మీద చాలా దూరం వెళ్ళిపోయారట. కారు పక్కకు ఆపి ఆంటీకి ఫోన్ చేస్తే, ఆంటీ నాకు చేశారు. వెళ్ళి తీసుకొచ్చాను. దారిలో ఆయన కిటికీలోంచి నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నారు. మాట్లాడించడానికి ప్రయత్నిస్తే, "ఏమోనమ్మా, నిద్రొస్తన్నాది" అన్నారు. ఆ మాట నేను ఎవరికైనా చెప్పాలా వద్దా అని ఇప్పటికీ తేల్చుకోలేదు. చెబితే డ్రైవింగ్ లైసెన్సు తీసేసుకుంటారు. సార్నియాలో కారు లేకపోతే ఆయన ఆ టూల్ రూముకు కూడా వెళ్ళలేరు.

రెండు నెలలకొకసారి, ఒక్కోసారి ఇంకా తొందరగా, కంపెనీ ఆయన్ని మా క్లినిక్‌కు పంపుతుంది. అలా మొదటిసారి వచ్చినప్పుడు, నేను కాకుండా రెండో కలెక్టర్‌తో తీయించమంటారా అని అడిగాను.

"వద్దమ్మా. కొత్తవాళ్ళయితే ఇంకా సిగ్గు. నువ్వే తీసుకో."

నేను చెప్పకముందే జాకెట్ తీసి కొక్కేనికి తగిలిస్తారు. చేతులు కడుక్కుంటారు. ఆయన లోపల ఉన్నంతసేపూ నేను తలుపు బయట నిలబడి ఫారంలో గడులు నింపుతాను. ఇప్పుడు ఆయనకు ఆలస్యం కావడం లేదు. మొన్న మంగళవారం సీల్ మీద పొడి అక్షరాలు రాస్తూ ఒక అక్షరం తప్పు రాశారు. తన పేరులో అక్షరమే. చూసుకుని, కొట్టేయొచ్చా అని అడిగారు. సీల్ మీద కొట్టివేత ఉండకూడదు. కొత్త సీల్ ఇచ్చాను. ఈసారి ఒక్కో అక్షరం మీద పెన్ను ఆపి, నా వైపు చూసి, నేను తల ఊపాక రాశారు. తర్వాత జాకెట్ వేసుకుని, ఎడమ చెయ్యి దూర్చేటప్పుడు కాసేపు ఊపిరి బిగబట్టి, "వస్తానమ్మా, ఆంటీ ఆదివారం రమ్మంది" అని చెప్పి వెళ్ళారు. నేను సీసాలు సంచిలో వేసి, తర్వాతి మనిషిని పిలిచాను.